మూత బిగిసేదాకా

శెనక్కాయ నూనె ఆడటం మాకు కొత్త కాదు. గింజ నోట్లో వేసుకుని అది ఎంత ఎండిందో చెప్పగల ఆడవాళ్లు మా సంఘంలో ఉన్నారు. మమ్మల్ని ఏడిపించింది సీసా మీద పెట్టే మూత. దాన్ని సరిగా బిగించే మిషన్ ఏదో తెలుసుకునేలోపు మేం వాడని మిషన్‌కు వడ్డీ కట్టాం, మంచి అంగళ్లు పోగొట్టుకున్నాం, మా వదిన కుడిచెయ్యి పాడైంది. నూనె, పచ్చళ్లు, ఫినాయిల్, షర్బత్ ఇలా ఏదో ఒకటి చేసి సీసాల్లో అమ్ముకునే ఆడవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. వాళ్లకు ఈ సంగతులు డబ్బు కట్టకముందే తెలియాలని రాస్తున్నాను.

మాది కదిరి దగ్గర పల్లె. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన కదిరి-6 రకమే మా చుట్టుపక్కల చేలల్లో ఎన్నో ఏళ్లుగా నడిచింది, ఈ మధ్య కదిరి లేపాక్షి కూడా వేస్తున్నారు. కాయలు ఒలిపించి, విత్తనాలు ఏరి, గానుగలో ఆడించి, నూనెను స్టీలు డ్రమ్ముల్లో తేరనిచ్చి, గుడ్డలో వడగట్టి అమ్మేవాళ్లం. మొదట్లో జనం వాళ్ల క్యాన్లు, డబ్బాలు వాళ్లే తెచ్చుకునేవాళ్లు. అనంతపురం, తిరుపతి, బెంగళూరు అంగళ్లవాళ్లు అడగడం మొదలుపెట్టాక లీటరు పెట్ సీసాల్లోకి మారాం. సీసాను కాటా మీద పెట్టి 910 గ్రాములు పోస్తే లీటరు. ఒకరు పోస్తారు, ఒకరు మూతి తుడుస్తారు, ఒకరు మూత తిప్పి బిగిస్తారు, ఒకరు లేబులు అంటిస్తారు. మూత బిగించే పని మా వదినది. ఆమె చేతికి బలం ఎక్కువని అందరం ఆమెకే అప్పగించాం.

బెంగళూరు అంగడి నుంచి మొదటి ఫోను వచ్చినప్పుడు ఏదో ఒక సీసా పగిలి ఉంటుందనుకున్నాం. పెట్టెలు తిరిగొచ్చాక విప్పి చూస్తే ఒక్క సీసా కూడా పగల్లేదు. కారిన నూనె కూడా ఎక్కువేం కాదు, ఒక్కో సీసా నుంచి ఒక చెంచాడు. కానీ ఆ చెంచాడు నూనె పన్నెండు సీసాల పెట్టెలో చేసే పాడు చూస్తే ఏడుపొస్తుంది. అట్ట అడుగు నానిపోయి చేత్తో ఎత్తితే ఊడొచ్చింది. లేబుళ్లు నూనె పీల్చి, వాటి మీద అచ్చువేసిన తయారీ తేదీ కనబడకుండా పోయింది. సీసాల ఒంటికి దారిలోని దుమ్మంతా అంటుకుంది. వారం గడిచిన నూనె తడి ముక్కిపోయిన వాసన కొడుతుంది, లోపలి నూనె ఎంత తాజాగా ఉన్నా కొనేవాళ్లకు ముందు తగిలేది ఆ పైవాసనే. "నూనె బాగుందమ్మా, మా ఇంట్లో అదే వాడుకుంటున్నాం. కానీ ఈ పెట్టె పక్కన పప్పు సంచి పెట్టలేను" అన్నాడు ఆ అంగడాయన. తెలుగాయనే, మా వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాడే. ఆయన మాటలో కోపం లేదు. అందుకే ఇంకా బాధేసింది.

అప్పటినుంచి వదిన మరింత గట్టిగా బిగించడం మొదలుపెట్టింది. పొద్దున బిగించినవి బాగానే ఉండేవి. మధ్యాహ్నం భోజనాల తర్వాత బిగించినవాటిలోనే ఎక్కువగా కారేవి. మనిషి చెయ్యి కదా, పొద్దుటి బలం సాయంత్రానికి ఉండదు. పైగా నూనె ఒంటికి అంటిన మూత వేళ్ల మధ్య జారుతుంది, జారకుండా పట్టుకోవడానికే సగం బలం పోతుంది. ఆమె ఆ మాట మాతో అనలేదు. రాత్రి రొట్టెల పిండి కలపలేక పక్కింటి పిల్లను పిలుచుకుంటోందని మాకు తర్వాత తెలిసింది.

ఒక రోజు గ్లాసు పట్టుకోబోయి వదిలేసింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ ఆమె బొటనవేలిని పిడికిలి లోపలికి మడవమని, ఆ పిడికిలిని చిటికెనవేలి వైపు కిందికి వంచమంది. వంచేలోపే వదిన కేక పెట్టింది. బొటనవేలిని ఆడించే కండరాల తాళ్లు మణికట్టు దగ్గర ఒక తొడుగులోంచి వెళ్తాయట, పదే పదే అదే మెలి తిప్పడం వల్ల ఆ తొడుగు వాచి ఆ తాళ్లు ఒరుసుకుంటాయట. డీ క్వెర్వేన్ వాపు అంటారని చెప్పింది. పట్టీ వేసి, ఆ చెయ్యి వాడొద్దంది. "ఎన్ని రోజులమ్మా?" అని వదిన అడిగింది. "ఈ పని మానేదాకా" అంది డాక్టరమ్మ. దారిలో వదిన ఒకటే మాట, "నేను మానుకుంటే ఇంకొకరి చెయ్యి పోతాది గదా, దానికేం సేస్తాం?" ఆ మాటతోనే మిషన్ కొనాలని గట్టిగా అనుకున్నాం.

సూక్ష్మ ఆహార పరిశ్రమలకు 35 శాతం రాయితీతో రుణమిచ్చే కేంద్ర పథకం 2020లో వచ్చింది. దానికి పెట్టుకున్నాం. బ్యాంకుకు కొటేషన్లు కావాలి. ఒక పెద్ద ఊరి డీలరు అన్ని మిషన్లకూ కలిపి ఒకే కొటేషన్ ఇచ్చాడు. అందులో మా కష్టానికి సంబంధించిన వరుస ఒక్కటే, "క్యాపింగ్ మిషన్, 1". ఏ సైజు మూతకో లేదు. ఎంత బిగువు పెడుతుందో లేదు. బిగువు చాలినంత రాగానే ఆపే క్లచ్ ఉందో లేదో లేదు. అడిగితే "అన్నిటికీ సెట్ అవుతుందమ్మా, మీరేం కంగారు పడొద్దు" అన్నాడు. ఇలాంటి రుణాల్లో బ్యాంకు డబ్బును నేరుగా అమ్మేవాడి ఖాతాలో వేస్తుంది. అది మంచికే పెట్టిన నియమం. కానీ మిషన్ ఇంటికి చేరేసరికి అమ్మినవాడి చేతిలో మొత్తం డబ్బు ఉంటుంది, కొన్నవాళ్ల చేతిలో ఫోను నంబరు మాత్రమే ఉంటుంది.

వచ్చిన మిషన్ బల్ల మీద పెట్టేది. పైన మోటారు, దాని కింద గిన్నెలాంటి ఇనుప తల, లోపల రబ్బరు వలయం. పక్కనున్న కడ్డీ లాగితే తల కిందికి దిగి, మూతను అదిమి పట్టి తిప్పుతుంది. మొదటి సీసా పెట్టి కడ్డీ లాగగానే సీసా భుజం లోపలికి నొక్కుకుపోయి, నూనె మెడ దాకా ఎగదన్నింది. రెండోదానికి మూతతోపాటు సీసా కూడా గిర్రున తిరిగింది. సీసాను చేత్తో గట్టిగా పట్టుకోమన్నాడు వచ్చిన కుర్రాడు. మా చిన్నత్త పట్టుకుంది. నూనె చేతిలో సీసా తిరిగి ఆమె అరచెయ్యి ఒరుసుకుపోయింది. ఇంకొన్నిటికి టక్కుమని చప్పుడొచ్చి మూత లోపలి మర పోయింది, ఆ తర్వాత ఎంత తిప్పినా అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. మర పోకుండా నిలిచినవి ఇంకోరకం తంటా తెచ్చాయి. తిరుపతిలో ఒక ముసలావిడ మూత రాక కత్తితో కోసి, ఆ కత్తి వేలికి దిగి, ఆమె కొడుకు మాకు ఫోను చేసి నాలుగు మాటలన్నాడు. ఏం చెప్పాలో తెలియక విన్నాను. డీలరు మొదట్లో "మనిషిని పంపుతా" అనేవాడు. తర్వాత ఫోను తీయడం మానేశాడు.

ఆ మిషన్ మీద గుడ్డ కప్పి, మళ్లీ చేతులతోనే, వంతులు వేసుకుని బిగించుకున్నాం. గంటకొకరు మారేవాళ్లం. వాయిదా రోజు వస్తే, వాడని మిషన్‌కు కూడా కలిపి కట్టేవాళ్లం. సంఘం సమావేశంలో కొందరు సీసాలే మానేసి మళ్లీ క్యాన్లకు పోదామన్నారు. ఆ మాటలో తప్పు లేదు. కానీ క్యాన్ తెచ్చుకునేవాళ్లు ఊరి దాకా వచ్చేవాళ్లే, వాళ్లతో గానుగ నెలలో సగం రోజులు కూడా ఆడదు.

మాకు దారి చూపించినవాడు హిందూపురం వైపు ఒక నీళ్ల ప్లాంటులో మిషన్లు చూసుకునే మెకానిక్. మా సంఘంలో ఒకామెకు దూరపు చుట్టం. "అక్కా, మిషన్ సంగతి తర్వాత. సీసాలు తీసకరా, మూతలు తీసకరా. పాతవీ తీసకరా, కొత్తవీ తీసకరా" అన్నాడు. తీసుకెళ్లాం. ఆయన ఒక ఖాళీ సీసాకు మూత గట్టిగా బిగించి, మెడ కింద కోసి, ఆ మెడనూ మూతనూ కలిపి పైనుంచి కిందికి హ్యాక్సా బ్లేడుతో నిలువుగా రెండు చెక్కలు చేశాడు. ఒక చెక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి "చూడు" అన్నాడు. మూత అడుగు అంచు సీసా మెడకున్న వలయాన్ని తాకి ఆగిపోయి ఉంది. పైన, మూత లోపలి వాషరుకూ సీసా మూతికీ మధ్య సన్నని వెలుగు గీత. అంటే మూత ఇంకా మూతిని ముట్టుకోకముందే కింద వలయం మీద కూర్చుంటోంది. చేతికేమో గట్టిగా బిగిసినట్టే తెలుస్తుంది. వదిన మణికట్టు అరిగేదాకా తిప్పినా ఆ గీత పూడదు. ఆ చెక్క చేతిలో పట్టుకుని నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ మేం ఆమెను ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటూ వచ్చింది ఆ గీత కోసమా అనిపించింది.

పాత సీసాల్లో ఒకటి కోసి చూస్తే గీత లేదు. తేడా ఎక్కడొచ్చిందో ఆయనే చెప్పాడు. పెట్ సీసాలు రెండు అంచెల్లో తయారవుతాయి. ముందు చిన్న గొట్టం లాంటి ప్రీఫామ్ పోత పోస్తారు. దాని మెడ, మరలు, వలయం అప్పుడే తయారైపోతాయి. తర్వాత సీసాలు ఊదేవాడు దాన్ని వేడిచేసి, అచ్చులో గాలి కొట్టి ఒళ్లు మాత్రం పెంచుతాడు. మెడ పోత పోసినప్పటి మెడే. మాకు సీసాలు ఊది ఇచ్చేవాడు మధ్యలో ప్రీఫామ్ తెచ్చుకునే చోటు మార్చాడు. సీసా ఆకారం అదే, బరువు అదే, మెడ మాత్రం వెంట్రుకవాసి పొట్టిది. ఆయన మాకు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆయనకూ తట్టి ఉండకపోవచ్చు.

ఇది చిన్న తేడా. పెద్ద తేడాలు కూడా ఒకే పేరు కింద దొరుకుతాయి. కూల్ డ్రింకు సీసాల మెడల్లో పీసీవో 1810, పీసీవో 1881 అని రెండు రకాలు ఉన్నాయి. అంగట్లో రెండిటినీ 28 మిల్లీమీటర్లనే అంటారు. ఒకదాని ఎత్తు 21 మిల్లీమీటర్లు, రెండోదాని ఎత్తు 17. ఒకదాని మూత రెండోదానికి పనికిరాదు. అందుకని "28 సైజు మూతలు పంపండి" అని ఫోనులో చెప్పడం చాలదు. మరల మీద వెడల్పు, మరలు లేనిచోట వెడల్పు, మూతి లోపలి వెడల్పు, మూతి నుంచి వలయం దాకా ఎత్తు, ఈ నాలుగూ వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ మెకానిక్ మాకు వెర్నియర్ చదవడం నేర్పాడు. ఇప్పుడు ప్రతి సీసాల సంచి నుంచి కొన్ని తీసి కొలవకుండా లోపలికి దించం. పదో తరగతి దాకా చదివిన మా చిన్నత్త కూతురు ఆ పని చేస్తుంది. ఊదేవాడితో వాదన పెట్టుకుని ఒకసారి సంచులు వెనక్కి కూడా పంపింది.

మెడకు తగ్గ మూత దొరికాక బిగువు సంగతికి వచ్చాం. మూత బిగువును అంగుళం-పౌండ్లలో కొలుస్తారు. పనిచేసేచోట అందరూ చెప్పే లెక్క ఒకటుంది. మూత వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో, అందులో సగం అంగుళం-పౌండ్లు పెట్టాలి. 28 మిల్లీమీటర్ల మూతకు 14 దరిదాపు, 38కి 19. అది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క మాత్రమే, సీసా ప్లాస్టిక్కునూ వాషరునూ బట్టి అటూ ఇటూ జరపాలి. కొలిచేందుకు చిన్న మీటరు ఉంటుంది. నాలుగు మేకుల మధ్య సీసాను నిలబెట్టి మూత తిప్పితే ముల్లు కదులుతుంది. నీళ్ల ప్లాంటు మీటరు మీద మా ఆడవాళ్లందరి చేతా ఒక్కో మూత బిగింపించి చూశాం. ఒక్కొక్కరి అంకె ఒక్కోలా వచ్చింది. ఒకే మనిషికి కూడా నూనె అంటిన చేతితో ఒకటి, తుడుచుకున్న చేతితో ఇంకొకటి. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఈ రోజు 14 పెట్టిన మూతను తెల్లారి విప్పితే ముల్లు అందులో సగానికి కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. ప్లాస్టిక్ ఒత్తిడికి సర్దుకుని కాస్త వదులవుతుంది, అది దాని గుణం. బిగించిన వెంటనే గట్టిగా ఉందని పెట్టెలో సర్దేస్తే తెల్లారి దాని బిగువు ఎంతో ఎవరికీ తెలియదు. అందుకే మేమిప్పుడు ఆ రోజు సరుకును ఆ రోజు పంపం.

దారిలో మూత తిరిగి వదులయ్యేదీ లేనిదీ చూసే ఉపాయం కూడా ఆ మెకానిక్కే చెప్పాడు. మూత బిగించాక, మూత అంచు నుంచి కిందికి సీసా మెడ మీదకు మార్కరుతో నిలువు గీత గీయాలి. పెట్టెలో సర్ది ఆర్టీసీ కార్గోలో తిరుపతికి పంపి, అక్కడున్న మనవాళ్ల చేత మళ్లీ అదే బస్సుకు వెనక్కి వేయించాం. విప్పి చూస్తే గీత విడిపోయిన సీసాలు కనబడ్డాయి. మూత మీది ముక్క కుడికి జరిగి ఉంది. ఘాటు దారి కుదుపులకు అవి తిరిగాయన్నమాట. మరో పరీక్ష మా ఇళ్లలోనే చేసుకున్నాం. సీసాలను రాత్రి న్యూస్ పేపరు మీద తలకిందులుగా నిలబెట్టి వదిలేయాలి. కారే సీసా కింద కాగితం మీద ఒక గుండ్రటి మచ్చ పడుతుంది, ఆ మచ్చలోంచి వెనక పేజీ అక్షరాలు కనబడతాయి. నూనె ఒక్క చుక్క కూడా దాక్కోదు. నీళ్ల సీసా అయితే ఆరిపోయి మోసం చేస్తుంది.

ఎండ సంగతి చెప్పకపోతే మా సీమవాళ్ల అనుభవం సగమే అవుతుంది. నూనె వేడికి ఉబ్బుతుంది. డిగ్రీకి లీటరు మీద సుమారు 0.7 మిల్లీలీటరు పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర పోసిన సీసా, ఏప్రిల్‌లో లారీ టాపు కింద 45 డిగ్రీలకు చేరితే 14 మిల్లీలీటర్లు ఎక్కువ చోటు అడుగుతుంది. మెడ దాకా నింపిన సీసాలో ఆ చోటు లేదు. లోపలి గాలి నలిగి వాషరును పైకి తోస్తుంది. ఎంత మంచి మిషన్‌తో బిగించినా దానికి సమాధానం లేదు, సీసా కొంచెం పెద్దదై ఉండాలి. మేం లీటరు పోసినా మెడ కింద రెండు వేళ్ల ఖాళీ మిగిలే సీసాకు మారాం. ఖాళీ చూసి "నూనె తక్కువ పోశారా?" అని కొనేవాళ్లు మొదట్లో అడిగారు. సీసా మీద 910 గ్రాములు అని పెద్దక్షరాలతో వేయించాం.

ఇవన్నీ తెలిశాక మళ్లీ మిషన్లు చూడటానికి బయల్దేరాం. హైదరాబాద్ జీడిమెట్ల, బాలానగర్ వైపు షెడ్లలో నడుస్తున్న లైన్లు చూపించమని బతిమాలుకున్నాం. అహ్మదాబాద్ తయారీదారులతో వీడియో కాల్‌లో మాట్లాడాం, మా పిల్లలు హిందీ మాట్లాడితే మేం వెనక నుంచి ప్రశ్నలు అందించాం. ఈసారి అందరికీ ఒకే షరతు పెట్టాం. నూనె నింపిన మా సీసాలు, మా మూతలు పంపుతాం, మీ మిషన్ మీద బిగించి వెనక్కి పంపండి, రాత్రంతా కాగితం మీద నిలబెట్టి చూశాకే డబ్బు మాట. కొందరు ఆ మాట వినగానే ఫోను పెట్టేశారు. ఒప్పుకున్నవాళ్లతోనే మాట్లాడాం.

కూల్ డ్రింకు, నీళ్ల ప్లాంట్లలో ఉండే గుండ్రటి లైను చూడముచ్చటగా ఉంటుంది. కడగడం, నింపడం, మూత వేయడం ఒకే చట్రంలో జరుగుతాయి. సీసాను మెడ వలయం దగ్గర పట్టుకుంటుంది, అందుకే ఎంత పలచటి సీసా అయినా నలగదు. తలలో అయస్కాంతాల క్లచ్ ఉంటుంది, పెట్టిన బిగువు రాగానే అది జారిపోయి మూతను వదిలేస్తుంది. నిమిషానికి అరవై సీసాలు నడిచే చోటుకు అది సరి. మా గానుగ రోజంతా ఆడినా ఆ లైనుకు గంట పని కూడా ఉండదు. స్పిండిల్ మిషన్‌లో సీసా బెల్టుల మధ్య నడుస్తుంటే పక్కల నుంచి రబ్బరు చక్రాలు మూతను రాసుకుంటూ తిప్పుతాయి. రకరకాల సైజుల సీసాలు నడిపేవాళ్లకు అదే మేలు. కానీ మూత మీద నూనె తడి ఉంటే చక్రాలు జారడం కళ్లారా చూశాం, పలచటి సీసాను బెల్టులు నొక్కి నూనె పైకి తేవడం కూడా చూశాం. అల్యూమినియం మూతను అక్కడికక్కడ సీసా మరల మీద నొక్కి రూపు కట్టే మిషన్ ఒకటుంది. అది గాజు సీసాకు చేసినది. పైనుంచి అంత బరువు పెడితే మా సీసా నిలవదు. తిప్పకుండా నొక్కి కూర్చోబెట్టే మూతలకు పైనుంచి అదిమే రోలరు చాలు. నూనెకు ఆ మూతలు బాగానే ఉంటాయి, కానీ ఆ రకం మెడ ఉన్న సీసాలు కొద్ది సంఖ్యలో ఊది ఇచ్చేవాళ్లు మాకు దగ్గర్లో దొరకలేదు.

చివరికి మేం తీసుకున్నది అన్నిటికన్నా చిన్నది. చేత్తో పట్టుకునే కరెంటు మిషన్, కింద మూతను పట్టే రబ్బరు గిన్నె, మెడ దగ్గర అంకెలున్న వలయం. ఆ వలయం తిప్పి క్లచ్‌ను పెట్టుకుంటే, ఆ బిగువు రాగానే టకటకమని వదిలేస్తుంది. పెద్ద మిషన్‌లో అయస్కాంతం చేసే పనే ఇందులో స్ప్రింగు చేస్తుంది. దాన్ని పై కడ్డీకి స్ప్రింగు బ్యాలెన్సరుతో వేలాడదీశాం, బరువు చేతి మీద పడదు. సీసా పట్టుకోవడానికి అనంతపురంలో లేతు పనిచేసే ఒక పెద్దాయన దగ్గర నైలాను దిమ్మె చేయించాం. రెండు సగాలుగా ఉంటుంది. మెడ వలయం కింద ఒక చీలిక, ఒళ్లు పట్టడానికి రబ్బరు అతికించిన పల్లం. పైనుంచి నొక్కిన బరువంతా వలయం మీద పడి దిమ్మెలోకి దిగుతుంది, సీసా ఒంటికి తగలదు. సీసా తిరగదు, నలగదు, ఎవరి అరచెయ్యీ ఒరుసుకోదు. మిషన్ ఖరీదు వేలల్లోనే. డీలరు అంటగట్టినదానితో పోలిస్తే ఎంతో తక్కువ.

గాలితో నడిచేది తీసుకోవాలా, కరెంటుదా అని చాలా ఆలోచించాం. గాలిదానికి కంప్రెసర్ కావాలి, దానికి మళ్లీ కరెంటు, గాలిలో తడి తీసే గొట్టాలు. నూనెకు కరెంటుదే చాలు. కానీ 2020లో శానిటైజరు చేసిన యూనిట్లను తలుచుకుంటే భయమేస్తుంది. ఆ ద్రవంలో ఎక్కువ భాగం స్పిరిటే. దాని ఆవిరి నిండిన గదిలో మామూలు మోటారు తిరిగితే లోపలి చిన్న నిప్పురవ్వ చాలు. స్పిరిట్, థిన్నర్ లాంటివి సీసాల్లో నింపేవాళ్లు ఖర్చైనా గాలి మిషనే తీసుకోవాలి. బ్లీచింగ్ ద్రావణం నింపేవాళ్ల కష్టం వేరు, ఆ ఆవిరికి స్టీలు కూడా తుప్పు పడుతుంది. పైగా ఆ ద్రావణం నిలవ ఉన్నకొద్దీ ఆక్సిజన్ వదులుతుంది, గాలి పోయే మూత పెట్టకపోతే సీసా ఉబ్బుతుంది. అందరికీ ఒకే మిషన్ సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మూత లోపలి రేకు సీలు మాకు తర్వాత వచ్చింది. ఇండక్షన్ సీలరును మూత మీద పెడితే రేకు మాత్రం వేడెక్కి, దాని కింది పొర కరిగి సీసా మూతికి అతుక్కుంటుంది. పెట్ సీసాకు వేరే రేకు, తెల్లటి హెచ్‌డీపీఈ డబ్బాకు వేరే రేకు. మూతి మీద నూనె తడి ఉంటే అతుకు పడదు, అందుకే తుడిచే మనిషి పని ఇప్పుడు అందరికన్నా ముఖ్యమైంది. ఆ వేడికి మూత మళ్లీ కాస్త వదులవుతుంది కాబట్టి సీలయ్యాక రెండోసారి మిషన్ పెడతాం. రేకు ఉంది కదా అని బిగువును వదిలేసేవాళ్లున్నారు. కొన్నామె రేకు చింపిన రోజు నుంచి ఆ సీసాకు మూత ఒక్కటే దిక్కు.

బెంగళూరు అంగడాయన మళ్లీ పెట్టెలు తీసుకుంటున్నాడు. మొదటి విడత పంపినప్పుడు ఆయన విప్పి, పెట్టె అడుగును చేత్తో తడిమి, ఆ వీడియో పంపించాడు. సంఘంలో అందరం చూశాం. వదిన రెండుసార్లు చూసింది. ఆమె ఇప్పుడు కాటా దగ్గర కూర్చుంటోంది. నొప్పి చాలావరకు తగ్గింది గానీ కుడిచేత్తో నిండు బిందె ఎత్తలేదు, గుడ్డలు పిండలేదు. ఆ చెయ్యి ఖరీదు ఏ కొటేషన్‌లోనూ లేదు.

డీలరు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని అవతలివాళ్లు వాదిస్తారట. కానీ 2019 చట్టంలోనే, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొన్న సరుకును వ్యాపారంగా లెక్కించకూడదని రాసి ఉందని లాయరు చూపించాడు. ఆ ఒక్క వాక్యం మీద నిలబడ్డాం. తీర్పు ఇంకా రాలేదు. గుడ్డ కప్పిన మిషన్ షెడ్డులోనే ఉంది, సాక్ష్యం కాబట్టి అమ్మడానికి లేదు.

ఇప్పుడు ఐదు లీటర్ల డబ్బాలు అడుగుతున్నారు. వాటి మెడ పెద్దది, మా రబ్బరు గిన్నె పట్టదు. ముగ్గురు ఊదేవాళ్ల దగ్గర నుంచి డబ్బాలు, వాటి మూతలు తెప్పించి నూనె పోసి తలకిందులుగా పెట్టాం. ఒకరి డబ్బా మొదటి రాత్రే కారింది. మిగతా రెండిటి మెడలు కొలిచి, కొలతల కాగితంతోపాటు లేతు పెద్దాయనకు పంపాం, దిమ్మె ఎలా చెయ్యాలో ఆయన చెప్పాక గిన్నె ఎక్కడ చేయించాలో చూస్తాం.